బొజ్జన్నకొండ

బొజ్జన్నకొండ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోని అనకాపల్లి జిల్లా, అనకాపల్లి మండలం, సంకరం గ్రామం వద్ద ఉన్న ఒక చిన్న కొండ. దీనిపై రాతిలో తొలిచిన బౌద్ధ గుహాలయాలు, ఏకశిలా స్తూపాలు, ఇటుకలతో కట్టిన విహార శిథిలాలు ఉన్నాయి. దీనికి పడమర దిక్కున మరొక గుట్ట ఉన్నది. దానిని లింగాలకొండ లేక లింగాలమెట్ట అంటారు. ఈ రెండు కొండలు కలిసి ఒకే బౌద్ధ క్షేత్రం. ఇక్కడి కట్టడాలు సుమారుగా క్రీ.శ. 4వ శతాబ్దం నుండి 9వ శతాబ్దం వరకు గల కాలానికి చెందినవని చరిత్రకారులు భావిస్తారు. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉన్న స్థలమిది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడేంతవరకు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. అందువలన పాత పుస్తకాలలో దీనిని విశాఖ జిల్లా బౌద్ధ క్షేత్రంగానే పేర్కొన్నారు.

కొండ ఎత్తు ఎక్కువేమీ కాదు. ఆరోగ్యంగా ఉన్నవారు కొద్ది నిమిషాలలోనే శిఖరం చేరుకోగలరు. అయితే మెట్ల మొదటి నుండి చివరి వరకు దారి పొడవునా చూడవలసినవి ఉన్నందున, శ్రద్ధగా చూసేవారికి ఒక పూట పడుతుంది.

పేరు వెనుక చరిత్ర

ఈ క్షేత్రం చరిత్రలో చాలా భాగం ఇక్కడి మూడు పేర్లలోనే దాగి ఉన్నది.

మొదటిది సంకరం. ఇది 'సంఘారామం' అనే మాటకు వికృతి అని పండితుల అభిప్రాయం. సంఘం అంటే బౌద్ధ భిక్షువుల సముదాయం, ఆరామం అంటే వారు నివసించే తోట లేక మఠం. భిక్షువులు వెళ్ళిపోయి వెయ్యేళ్ళు దాటినా వారి నివాసం పేరు ఊరి పేరుగా మిగిలిపోయింది. ఈ ఊరి ప్రజలు ఆ పదానికి అర్థం మరచినా పదాన్ని మాత్రం వదలలేదు.

రెండవది బొజ్జన్న. ఇది 'బుద్ధన్న' అనే పదం నుండి వచ్చినదని, బుద్ధుని కొండే జనుల నోట బొజ్జన్నకొండ అయినదని ఎక్కువమంది చెబుతారు. సంస్కృతంలోని 'ధ్య' అనే ధ్వని పాళీ, ప్రాకృత భాషలలో 'జ్ఝ'గా మారుతుంది. మధ్య అనే మాట 'మజ్ఝ' అయినట్లే, బోధికి సంబంధించిన ఏడు అంగాలను పాళీలో 'బొజ్ఝంగాలు' అంటారు. ఈ పోలిక ఒక్కటే పేరు పుట్టుకకు రుజువు కాదు గాని, బౌద్ధుల నోట 'బొజ్ఝ' అనే ధ్వని కొత్తది కాదని తెలుపుతుంది. తెలుగులో మాత్రం బొజ్జ అంటే పొట్ట. బుద్ధుడు ఎవరో మరచిపోయిన తరువాతి తరాల వారికి ఈ రెండవ అర్థమే తోచడం సహజం. ఇందువలన కలిగిన పర్యవసానం ఒకటి ఇదే వ్యాసంలో కనుమ తీర్థం విభాగంలో చెప్పబడింది.

మూడవది లింగాలమెట్ట. పడమటి గుట్ట నిండా రాతిలో చెక్కిన చిన్నా పెద్దా స్తూపాలు ఉన్నాయి. గుండ్రని పీఠం మీద అర్ధగోళాకారంలో ఉన్న ఆ రాళ్ళను చూసినవారు వాటిని శివలింగాలని అనుకున్నారు. అంతకు ముందు పేరు ఏదైనా, గుట్టకు ఈ పేరే స్థిరపడింది.

ఉనికి, పరిసరాలు

బొజ్జన్నకొండ అనకాపల్లి పట్టణానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోను, విశాఖపట్నం నగరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోను ఉన్నది. అనకాపల్లి శారదా నది ఒడ్డున ఉన్న పట్టణం, బెల్లం వ్యాపారానికి దేశమంతటా పేరు పొందినది. కొండ చుట్టూ వరి, చెరకు పొలాలు ఉన్నాయి. ఈ ప్రాంతమంతా తూర్పు కనుమలకు, సముద్రానికి నడుమ ఉన్న మైదానం. ఈ మైదానంలో అక్కడక్కడ విడివిడిగా ఇటువంటి గుట్టలు లేచి కనిపిస్తాయి.

ప్రాచీన కాలంలో కళింగ దేశం నుండి వేంగి, ధాన్యకటకం వైపు పోయే మార్గం ఈ తీర మైదానం గుండానే సాగేది. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం, విజయనగరం సమీపంలోని రామతీర్థం, విశాఖపట్నం వద్ద సముద్రానికి ఎదురుగా ఉన్న బావికొండ, తొట్లకొండ, పావురాలకొండ - ఇవన్నీ ఇదే వరుసలోని బౌద్ధ క్షేత్రాలు. ఇవన్నీ కొండల మీద వెలసినవే. అయితే బావికొండ, తొట్లకొండల మీది కట్టడాలు ప్రధానంగా ఇటుక, రాతి నిర్మాణాలు. సంకరం కొండల ప్రత్యేకత ఏమిటంటే, ఇక్కడ కట్టడాన్ని కొండ మీద నిర్మించడమే కాక, కొండనే కట్టడంగా మలచినారు.

కొండ ఎక్కే దారి

కొండ పాదం వద్ద హారీతి దేవత విగ్రహం ఉన్నది. బౌద్ధ కథల ప్రకారం హారీతి పసిపిల్లలను అపహరించి తినే యక్షిణి. ఆమెకు వందలకొద్దీ సంతానం. బుద్ధుడు ఆమె ముద్దుల కొడుకును దాచిపెట్టగా ఆమె కొడుకు కోసం విలపించింది. ఇంతమంది పిల్లలున్న నీకే ఒక్క బిడ్డ దూరమైతే ఇంత బాధ కలిగినప్పుడు, ఒకరిద్దరు పిల్లలు గల తల్లుల గతి ఏమిటని బుద్ధుడు ప్రశ్నించినాడట. ఆమె మనసు మారి పిల్లలను కాపాడే దేవత అయింది. ఆమె ఆకలి తీర్చేందుకు విహారాలలో ప్రతిరోజూ అన్నం పెట్టే ఏర్పాటు జరిగింది. క్రీ.శ. 7వ శతాబ్దంలో భారతదేశంలో పర్యటించిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, విహారాల ముఖమండపంలోనో భోజనశాల మూలనో హారీతి రూపం ఉండేదని, ఆమెకు నైవేద్యం పెట్టేవారని వ్రాశాడు. నాగార్జునకొండలో కూడా హారీతికి ఆలయం ఉండేది. సంతానం కోరే తల్లులు, పిల్లల ఆరోగ్యం కోరే తల్లులు ఇటువంటి దేవతను ఆశ్రయించేవారు. అంటే ఈ కొండ భిక్షువులకు మాత్రమే చెందినది కాదు, చుట్టుపక్కల ఊళ్ళ గృహస్థులకు కూడా ఇక్కడ పని ఉండేది.

హారీతిని దాటి మెట్ల మీదుగా పైకి వెళ్ళగా ప్రధాన గుహాలయం వస్తుంది. కొండ మీద మొత్తం ఆరు గుహలు ఉన్నాయి. వీటిలో కొన్నిటి గోడల మీద శిల్పాలు ఉన్నాయి. ప్రధాన గుహ ద్వారానికి రెండు వైపులా నిలువెత్తు ద్వారపాలకులను చెక్కినారు. ద్వారం పైభాగాన, మరికొన్ని చోట్ల బుద్ధుని ప్రతిమలు కనిపిస్తాయి. ధ్యానముద్రలో పద్మాసనస్థుడై ఉన్న బుద్ధుడే ఇక్కడ ముఖ్య రూపం. శతాబ్దాల ఎండకు, వానకు శిల్పాల ముఖాలు చాలావరకు అరిగిపోయినవి. దగ్గరకు వెళ్ళి చూచేకన్నా కొన్ని మెట్లు కింద నిలబడి చూస్తేనే, ముఖ్యంగా ఉదయపు ఏటవాలు వెలుగులో, రూపాలు స్పష్టంగా తెలుస్తాయి.

గుహ లోపల 16 స్తంభాలు ఉన్నాయి. వీటిలో 5 విరిగిపోయినవి. స్తంభాల నడుమ మధ్యభాగంలో రాతిలోనే చెక్కిన ఒక స్తూపం, దాని చుట్టూ ప్రదక్షిణాపథం ఉన్నాయి. స్తంభాలు, స్తూపం, నేల, కప్పు అన్నీ ఒకే శిల. బయటినుండి తెచ్చి నిలిపినది ఏదీ లేదు. ఇటువంటి గుహను తొలిచేటప్పుడు శిల్పి ముందుగానే స్తంభానికి, స్తూపానికి కావలసిన రాతిని వదిలిపెట్టి చుట్టూ ఉన్న రాతిని మాత్రమే తీసివేయాలి. ఒకసారి ఉలి తప్పి ఊడిన రాయిని తిరిగి అతికించే వీలులేదు. విరిగిన 5 స్తంభాల చోట కప్పు కూలకుండా నిలిచి ఉండడానికి కారణం కూడా ఇదే. కట్టిన మండపంలో స్తంభం విరిగితే కప్పు పడిపోతుంది. ఇక్కడ కప్పు కొండలో భాగం.

ప్రధాన గుహకు పైన రెండవ అంతస్తుగా మరొక గుహ ఉన్నది. అందులోనూ బుద్ధ ప్రతిమలు ఉన్నాయి. స్తూపాన్ని మాత్రమే పూజించిన తొలినాటి బౌద్ధంలో బుద్ధుని మానవ రూపంలో చూపేవారు కారు. పాదాలు, బోధివృక్షం, ధర్మచక్రం వంటి గుర్తులతోనే ఆయనను సూచించేవారు. బుద్ధుని ప్రతిమకు పూజలు మహాయానంలో విశేషంగా వ్యాపించినవి. సంకరంలో స్తూపం, ప్రతిమ రెండూ పక్కపక్కనే ఉండడాన్ని బట్టి ఇక్కడ బౌద్ధం మారుతూ వచ్చిందని, థేరవాద, మహాయాన, వజ్రయాన దశలు మూడూ ఇక్కడ నడిచినవని పరిశోధకులు అంటారు. ఈ మూడింటిలో మహాయానానికి ఆధారాలు కంటికి కనబడేవి. వజ్రయానం విషయంలో శాలిహుండంలో దొరికిన తార, మారీచి విగ్రహాలంత స్పష్టమైన గుర్తులు ఇక్కడ లేవని గమనించాలి.

గుహలను దాటిన తరువాత దారి శిఖరం మీదకు చేరుతుంది. అక్కడ మహాస్తూపం ఉన్నది. కొండ శిఖరపు రాతినే స్తూపాకారంగా మలచి, దానిపై ఇటుక తాపడం చేసినారు. ఈ ఇటుక తాపడం చాలావరకు పోయింది. స్తూపం చుట్టూ చిన్న చిన్న ఉద్దేశిక స్తూపాలు ఉన్నాయి. వీటిని మొక్కు తీర్చుకొనేందుకు గాని, పుణ్యం కోసం గాని భక్తులు, భిక్షువులు చేయించేవారు. కొన్ని పూర్తిగా రాతిలో చెక్కినవి, కొన్ని ఇటుకతో కట్టినవి. స్తూపానికి పక్కగా విహారపు పునాదులు కనిపిస్తాయి. నడుమ ఆవరణ, దాని చుట్టూ వరుసగా భిక్షువుల గదులు, ఒక చైత్యగృహం - ఆ కాలపు విహారాలకు సామాన్యంగా ఉండే ప్రణాళికే ఇక్కడా ఉన్నది. గదులు చాలా చిన్నవి. ఒక మనిషి పడుకొనేందుకు, కూర్చొని ధ్యానం చేసేందుకు తప్ప మరి దేనికీ చాలవు.

శిఖరం మీద నిలబడితే చుట్టూ పచ్చని పొలాలు, వాటి మధ్య ఊళ్ళు, దూరంగా కొండల వరుస కనిపిస్తాయి. బౌద్ధ విహారాల నిర్మాణానికి స్థలం ఎంచుకొనేటప్పుడు గ్రామానికి మరీ దూరం కాకుండా, మరీ దగ్గర కాకుండా ఉండాలని వినయ గ్రంథాలు చెబుతాయి. మరీ దూరమైతే ఉదయం భిక్షకు వెళ్ళి మధ్యాహ్నం లోపల భోజనం ముగించడం సాధ్యం కాదు. దగ్గరైతే ఊరి సందడి ధ్యానానికి అడ్డు వస్తుంది. బొజ్జన్నకొండ ఈ నియమానికి చక్కగా సరిపోయే స్థలం. ఈ కొండను భిక్షువులు ప్రతి ఉదయం భిక్షాపాత్రలతో దిగి, ఎండ ముదరకముందే తిరిగి ఎక్కేవారని ఊహించవచ్చు. కొండ మరీ ఎత్తు కాకపోవడం వారికి ఒక సౌకర్యం.

లింగాలకొండ

బొజ్జన్నకొండ చూసినవారిలో చాలామంది లింగాలకొండకు వెళ్ళకుండానే తిరిగిపోతారు. అది పొరపాటు. బొజ్జన్నకొండపై ఉన్నటువంటి గుహాశిల్పాలు ఇక్కడ లేవు గాని, ఇక్కడ ఉన్న దృశ్యం ఇతర చోట్ల అరుదు. గుట్ట వెన్ను పొడవునా రాతిని అంచెలంచెలుగా చెక్కి, వరుసలు వరుసలుగా ఏకశిలా స్తూపాలను మలచినారు. కొన్ని మనిషి ఎత్తును మించినవి, కొన్ని మోకాలి ఎత్తువి. రాయి పైకి లేచిన ప్రతి చోటునూ శిల్పులు స్తూపంగా మార్చినట్లు కనిపిస్తుంది. వీటికి ఒకే పరిమాణం లేదు. రాయి ఎంత ఉంటే స్తూపం అంత. దూరం నుండి చూస్తే గుట్ట మొత్తం ఒకే పెద్ద స్తూపంగానూ, దానిపై చిన్న స్తూపాలు మొలిచినట్లుగానూ తోస్తుంది.

ఈ స్తూపాలన్నీ ఒకేసారి చెక్కినవి అనుకోవడానికి వీలులేదు. శతాబ్దాల తరబడి ఎవరికి తోచినప్పుడు వారు ఒక్కొక్కటి చేయించి ఉంటారు. బొజ్జన్నకొండ మీది మహాస్తూపానికి ఏలినవారి ఆదరణో, ధనికుల విరాళమో అవసరమై ఉండవచ్చు. మోకాలి ఎత్తు స్తూపానికి ఒక శిల్పి కొద్దిరోజుల పని చాలు. ఆ లెక్కన లింగాలకొండ సామాన్యుల భక్తికి గుర్తు.

తవ్వకాలు

శతాబ్దాలపాటు మట్టి, ముళ్ళపొదల కింద ఉండిపోయిన ఈ క్షేత్రాన్ని 20వ శతాబ్దపు తొలి దశకంలో అలెగ్జాండర్ రే వెలికి తీశాడు. ఈయన పురావస్తు శాఖ దక్షిణ విభాగానికి సూపరింటెండెంటు. అంతకుముందు 1892లో భట్టిప్రోలు స్తూపంలో ధాతుపేటికలను బయటపెట్టినవాడు కూడా ఈయనే. సంకరంలో తవ్వకాలు 1906లో మొదలయ్యాయి. వీటి ఫలితాలు పురావస్తు శాఖ 1907-08 వార్షిక నివేదికలో ప్రచురించబడినవి.

తవ్వకాలలో మట్టిపాత్రలు, ముద్రికలు, అక్షరాలు గల కాల్చిన మట్టి పలకలు, ధాతుపేటిక, నాణేలు లభించాయి. వీటిలో నాణేలు ఈ క్షేత్రం కాలనిర్ణయానికి ముఖ్య ఆధారాలు. గుర్రం బొమ్మ ఉన్న సీసపు నాణెం ఒకటి దొరికింది. ఇది శాతవాహనులది కావచ్చును. గుప్త చక్రవర్తి సముద్రగుప్తుని బంగారు నాణెం ఒకటి, తూర్పు చాళుక్య రాజు విష్ణువర్ధనుని రాగి నాణేలు కొన్ని దొరికినవి. ఆ నాణేలపై విషమసిద్ధి అనే బిరుదు ఉన్నది. ఈ బిరుదు తూర్పు చాళుక్య రాజ్యాన్ని స్థాపించిన కుబ్జ విష్ణువర్ధనునిది. ఈయన బాదామి చాళుక్య చక్రవర్తి రెండవ పులకేశికి తమ్ముడు, 7వ శతాబ్దం మొదటి సగంలో పరిపాలించాడు.

సముద్రగుప్తుని నాణెం గురించి కొంత వివరణ అవసరం. అలహాబాదు స్తంభ శాసనం ప్రకారం 4వ శతాబ్దంలో సముద్రగుప్తుడు దక్షిణాపథ దండయాత్రలో పిష్టపురం, వేంగి రాజులతో పాటు దేవరాష్ట్రం రాజైన కుబేరుని కూడా ఓడించి, తిరిగి విడిచిపెట్టాడు. ఆ దేవరాష్ట్రం సంకరానికి అంత దూరం కాని యలమంచిలి ప్రాంతమేనని చరిత్రకారులు గుర్తించారు. ఈ కారణంగా సంకరంలో గుప్త నాణెం దొరకడం ఆసక్తి కలిగించే విషయం. అంతమాత్రాన ఈ ప్రాంతాన్ని గుప్తులు పరిపాలించారని గాని, సముద్రగుప్తుడు ఇక్కడికి వచ్చాడని గాని చెప్పరాదు. బంగారు నాణెం యాత్రికుని మూటలోనో, వర్తకుని సంచిలోనో ఎంతదూరమైనా ప్రయాణం చేయగలదు. ఎవరో ఒకరు దానిని ఈ కొండ మీదకు తెచ్చి విహారానికి ఇచ్చి ఉంటారు. అందువలన 4వ శతాబ్దం నాటికి గాని, ఆ తరువాత గాని విహారం నడుస్తూ ఉన్నదని మాత్రమే దీనివలన తెలుస్తుంది.

క్షీణదశ

తెలుగుదేశంలో బౌద్ధం 7వ శతాబ్దం నాటికే బాగా తగ్గుముఖం పట్టింది. ఆ శతాబ్దంలో ఆంధ్ర, ధాన్యకటక ప్రాంతాలను చూసిన హ్యూయన్‌త్సాంగ్ అనేక విహారాలు పాడుబడి ఉన్నాయని వ్రాశాడు. సంకరంలోని విహారం ఆ తరువాత కూడా ఒకటి రెండు శతాబ్దాలు నిలిచినట్లు కనిపిస్తుంది. దీనికి కచ్చితమైన ముగింపు తేదీ లేదు. ఏదో దండయాత్ర వలన కాక, రాజాదరణ తగ్గి, వర్తకుల రాకపోకలు సన్నగిల్లి, చుట్టుపక్కల గృహస్థులు శైవ వైష్ణవ ఆలయాల వైపు మళ్ళడం వలన విహారానికి భిక్ష తగ్గిపోయి ఉండవచ్చును. పొలం గాని, వృత్తి గాని లేని సంఘం భిక్ష లేనిదే నిలవదు. గుంటుపల్లి, ఘంటసాల వంటి ఇతర క్షేత్రాల గతి కూడా ఇంతే.

కనుమ తీర్థం

సంక్రాంతి పండుగ మూడవ రోజైన కనుమ నాడు చుట్టుపక్కల గ్రామాల ప్రజలు వేల సంఖ్యలో బొజ్జన్నకొండకు వస్తారు. కుటుంబాలతో కొండ ఎక్కి సాయంకాలం వరకు గడిపి వెళతారు. ఇది ఎప్పుడు మొదలైనదో చెప్పడం కష్టం. పంట ఇంటికి వచ్చిన తరువాత కొండకు పోవడం అనే ఈ అలవాటులో బౌద్ధకాలపు ఉత్సవం ఛాయలు ఉన్నాయా అన్నది ఊహ మాత్రమే.

ఈ తీర్థంలో చాలాకాలం ఒక వింత ఆచారం ఉండేది. కొండ మీద స్తూపాల ఆవరణలో పొట్ట ఆకారంలో ఉబ్బెత్తుగా కనిపించే ఒక కట్టడాన్ని జనం రాక్షసునిగా భావించేవారు. కొండ ఎక్కినవారు దానిపైకి రాళ్ళు విసిరేవారు. అలా రాయి వేయడం పుణ్యమని, ఆనవాయితీ అని అనుకొనేవారే తప్ప, తాము కొడుతున్నది బౌద్ధ స్మారకాన్నని వారికి తెలియదు. బుద్ధన్న బొజ్జన్న అయి, బొజ్జన్న బొజ్జ గల రాక్షసుడు కావడం ఇక్కడ జరిగిన పరిణామం. కొందరు పండితులు దీనిని బౌద్ధం పట్ల ఒకప్పుడు ఉన్న మతద్వేషానికి అవశేషంగా వివరిస్తారు. ఇందుకు లిఖితమైన ఆధారం కనబడదు. పేరు తప్ప అర్థం మిగలని చోట పేరుకు కొత్త కథ పుట్టడం మన గ్రామాలలో తరచుగా జరిగేదే. పక్క గుట్ట మీది స్తూపాలను లింగాలుగా భావించి గౌరవించినదీ ఇదే ప్రజలని మరువరాదు. ఒక కొండ మీది స్తూపానికి రాళ్ళు, మరొక కొండ మీది స్తూపాలకు దండాలు - రెండింటికీ కారణం ఒకే మరుపు.

కారణం ఏదైనా నష్టం మాత్రం నిజమైనదే. ఇటుక తాపడం మీద, అసలే అరిగిపోయిన శిల్పాల మీద ఏటా రాళ్ళు పడడం వలన కట్టడాలు దెబ్బతిన్నాయి. వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్, పురావస్తు శాఖల కృషి వలన ఈ ఆచారం ఆగిపోయింది. తీర్థాన్ని మాత్రం ఆపలేదు. కనుమ నాడు వచ్చే జనానికి కొండ చరిత్రను తెలియజెప్పే ప్రయత్నం జరిగింది. ఇది తెలివైన పని అని చెప్పాలి. జనం రావడం మానితే కొండకు ఊరితో ఉన్న ఆ ఒక్క బంధమూ తెగిపోయేది. బుద్ధ పూర్ణిమ నాడు కూడా బౌద్ధులు ఇక్కడ ప్రార్థనలు జరుపుతారు.

పర్యాటకం

కేంద్ర ప్రభుత్వం స్వదేశ్ దర్శన్ పథకం కింద 2017-18లో మంజూరు చేసిన ఆంధ్రప్రదేశ్ బౌద్ధ యాత్రామార్గంలో శాలిహుండం, తొట్లకొండ, బావికొండ, అమరావతి, అనుపులతో పాటు బొజ్జన్నకొండ కూడా ఒకటి. విశాఖపట్నానికి వచ్చే పర్యాటకులలో ఎక్కువమంది సముద్రతీరంలోని తొట్లకొండను, బావికొండను చూస్తారు. వాటితో పోలిస్తే ఇక్కడికి వచ్చేవారు తక్కువ. విద్యార్థులకు మాత్రం ఈ కొండే ఎక్కువ ఉపయోగకరం. గుహాలయం, ఏకశిలా స్తూపం, ఇటుక స్తూపం, విహారం, బుద్ధ ప్రతిమ - పాఠ్యపుస్తకంలో విడివిడిగా చదివేవన్నీ ఒకే మెట్లదారిలో కనిపిస్తాయి.

చేరుకునే విధానం

అనకాపల్లి హౌరా - చెన్నై ప్రధాన రైలుమార్గంలోను, 16వ నంబరు జాతీయ రహదారి మీదను ఉన్నది. విశాఖపట్నం నుండి అనకాపల్లికి బస్సులు, రైళ్ళు తరచుగా ఉన్నాయి. అనకాపల్లి నుండి సంకరానికి ఆటోలు దొరుకుతాయి. దగ్గరలోని విమానాశ్రయం విశాఖపట్నం.

కొండ మీద నీడ తక్కువ. వేసవిలో రాయి బాగా వేడెక్కుతుంది గనుక ఉదయం ఎక్కడం మంచిది. వానాకాలంలో మెట్లు, లింగాలకొండ మీది రాతి వాలు జారుడుగా ఉంటాయి. తాగేందుకు నీళ్ళు వెంట తీసుకొని వెళ్ళాలి. శిల్పాల మీద, స్తూపాల మీద ఎక్కడం, పేర్లు చెక్కడం చట్టరీత్యా నేరం. లింగాలకొండ కూడా చూడదలచినవారు మరికొంత సమయం కేటాయించుకోవాలి. బొజ్జన్నకొండ శిఖరం మీద నుండి పడమరగా చూస్తే ఆ గుట్ట కనిపిస్తుంది.